రెండు కత్తులోడి కోసం కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొనాలా?

డైస్ వేస్తూ కథలో పాత్రల్లా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 2024లో వచ్చిన కొత్త రూల్స్ పుస్తకం, అదే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ గురించే రాస్తున్నా, కానీ 384 పేజీల గురించీ కాదు. బొమ్మలు బాగున్నాయి, కాగితం బాగుంది, అట్ట మూల మాత్రం పార్సిల్లోనే నలిగి వచ్చింది, అమ్మినవాళ్లకు ఫొటో పంపితే ప్యాకింగ్ మా పని కాదన్నారు. పోనీ. నేను చూసింది ఒక్కటే: రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని ఆడే నా రోగ్ (దొంగచాటుగా కొట్టే పాత్ర) బతుకు ఇందులో ఏమన్నా బాగుపడిందా లేదా అని. బాగుపడింది. కాకపోతే ఆ సంగతి పుస్తకంలో వెతికి పట్టుకోవడానికి మా నలుగురికి ఒక ఆదివారం సాయంత్రం మొత్తం పట్టింది.

పాత బాధ ఏంటో ముందు చెప్పాలి. 2014 పుస్తకంలో రెండో చేత్తో కొట్టాలంటే బోనస్ యాక్షన్ (అసలు పనికి తోడు చేసుకునే చిన్న అదనపు పని) ఖర్చు పెట్టాలి, అది టర్నుకు ఒక్కటే ఉంటుంది. రోగ్‌కు దూకి తప్పించుకోవడం, దాక్కోవడం, పరుగెత్తడం అన్నీ ఆ ఒక్క బోనస్ యాక్షన్ మీదే. అంటే ఉన్న ఒక్క జీతంలోనే కిరాయీ కట్టు, చిట్టీ కట్టు అన్నట్టు. వేటగాడి పాత్ర రేంజర్‌దీ అదే గోస, హంటర్స్ మార్క్ మంత్రానికీ బోనస్ యాక్షనే కావాలి, అది వేస్తే ఆ టర్నులో రెండో కత్తి ఊరికే చేతిలో ఉన్నట్టే. పైగా రెండో దెబ్బ డ్యామేజ్‌కు మాడిఫైయర్ (పాత్ర బలం లేదా చురుకుదనం వల్ల కలిసే అంకె) కలవదు. అంతకుముందు ఎడిషన్లతో పోలిస్తే ఇదే నయం అనుకోండి, 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఏ ఫీటూ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) లేకుండా రెండు మామూలు కత్తులు పడితే కొట్టే రోల్‌లో కుడి చేతికి మైనస్ 6, ఎడమ చేతికి మైనస్ 10. దాని కన్నా గాలిలో కత్తి తిప్పుకోవడం మేలు.

కొత్త పుస్తకంలో ఆయుధాలకు మాస్టరీ అని ఒకటి పెట్టారు, అందులో నిక్ అనేది మన పాలిట వరం. నిక్ ఉన్న ఆయుధం వాడితే ఆ రెండో దెబ్బ అటాక్ యాక్షన్‌లోనే కలిసిపోతుంది, బోనస్ యాక్షన్ చేతిలోనే మిగులుతుంది. డాగర్, సిమిటార్, చిన్న సుత్తి, కొడవలి, ఈ నాలుగింటికే నిక్ ఉంది. అవును, కొడవలి. మా టేబుల్ దగ్గర అందరూ ఒకేసారి ఈల వేశారు, వరి కోసే కొడవలికి కూడా ఇంత విలువ ఉందా అని, కానీ దానికి ఫినెస్ (బలం బదులు చురుకుదనంతో కొట్టే గుణం) లేదు కాబట్టి రోగ్ దాంతో స్నీక్ అటాక్ (అదనపు డ్యామేజ్ ఇచ్చే దొంగదెబ్బ) కొట్టలేడు. రోగ్‌కు కుదిరేది డాగర్, సిమిటార్. ఇంకో చేతిలో షార్ట్‌స్వోర్డ్ పెట్టుకోండి, దానికి వెక్స్ ఉంది, అంటే మొదటి దెబ్బ తగిలి డ్యామేజ్ పడితే అదే శత్రువు మీద తర్వాతి రోల్‌కు అడ్వాంటేజ్, రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం అన్నమాట. అందుకే ఒక చిన్న మాట: టైమ్ కలిసొస్తుందని రెండు అటాక్‌ల డైస్ ఒకేసారి వేయకండి. నేను ఎర్రది కుడి చేతికి, నీలంది ఎడమ చేతికి అనుకుని ఒకేసారి వేసేవాణ్ని, మొదటిది తగిలిందని తేలకముందే రెండోది పడిపోతే అడ్వాంటేజ్ ఎక్కడ కలపాలో తెలియక ప్రతిసారీ లొల్లే.

ఆట ఎట్లా మారిందో ఒక్క టర్ను చెప్తా. మా డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) మ్యాప్‌లన్నీ ఖిలా వరంగల్ చూసే గీస్తాడు, నాలుగు తోరణాలు, మట్టి కోట, చుట్టూ కందకం. నేను మూడో లెవెల్. తోరణం కింద హాబ్‌గోబ్లిన్ అనే ఒక రాక్షసుడు, దాన్ని ఆనుకుని మా ఫైటర్. షార్ట్‌స్వోర్డ్‌తో కొడితే డైస్ మీద 4 పడింది, పోయింది. పాత రూల్ అయితే ఇక్కడే ఆలోచన: రెండో కత్తి వేసి అక్కడే నిలబడి తన్నులు తినాలా, లేక కొట్టకుండానే పారిపోవాలా. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. డాగర్‌తో 17 వచ్చింది, ఫైటర్ పక్కనే ఉన్నాడు కాబట్టి స్నీక్ అటాక్ రెండు డీ6 (ఆరు ముఖాల డైస్) దానికే కలిసింది, ఇంకా బోనస్ యాక్షన్ ఉంది కదా, దాంతో డిసెంగేజ్ (వెనకనుంచి దెబ్బ పడకుండా తప్పుకోవడం) చేసి కందకం అవతలికి జారుకున్నా. డీఎం అన్న నా వైపు చూసి "గిదేం అన్యాయం రా" అన్నాడు. పదేళ్ల అన్యాయానికి ఇది వడ్డీ మాత్రమే అన్నా నేను.

మరి డ్యామేజ్ లెక్క? మొదటి లెవెల్‌లో మాడిఫైయర్ 3 అనుకుందాం. రెండు చేతుల పెద్ద కత్తి గ్రేట్‌స్వోర్డ్‌కు రెండు డీ6, తగిలితే సగటున 10. షార్ట్‌స్వోర్డ్, సిమిటార్ రెండూ తగిలితే అదీ 10. సమానమే, పైగా ఒక్కో దెబ్బకు 60 శాతం ఛాన్స్ ఉంటే రెండింట్లో కనీసం ఒకటి తగిలే ఛాన్స్ 84 శాతం, స్నీక్ అటాక్ ఉన్న రోగ్‌కు కావాల్సిందే అది. ఫైటర్‌కు మాత్రం ఐదో లెవెల్‌లో ఇంకో అటాక్ వచ్చి కథ మారుతుంది. మాడిఫైయర్ 4 అయితే గ్రేట్‌స్వోర్డ్ రెండు దెబ్బలకు 22, మనవాడి మూడు దెబ్బలకు 18.5. రెండో చేతి దెబ్బకూ మాడిఫైయర్ కలిపే టూ వెపన్ ఫైటింగ్ స్టైల్ తీసుకుంటే 22.5 దాకా వస్తుంది, అంటే ఒక స్టైల్ మొత్తం ఖర్చు పెట్టి అవతలివాడి పక్కన నిలబడడం. ఫైటర్లు ఆలోచించుకోండి.

ఇక తిట్లు. పాత పుస్తకంలో యుద్ధం చాప్టర్‌లో రెండు ఆయుధాల రూల్‌కు సొంత శీర్షిక ఉండేది. ఇప్పుడు లైట్ అనే గుణం (రెండో ఆయుధంతో కొట్టే వీలిచ్చేది ఇదే) ఒక చోట, నిక్ ఇంకో చోట, ఫీట్‌లు వేరే చాప్టర్‌లో, నిక్ వాడే అర్హత ఎవరికి ఉందో చూడాలంటే మళ్లీ క్లాస్ పేజీలకు పోవాలి. అన్నిటికన్నా మోసం ఏంటంటే, లైట్ రూల్‌లో పాతది "ఇంకో చేతిలో" అని చెప్పేది, కొత్తది వేరే ఆయుధం అయితే చాలంటుంది. ఒక్కో అటాక్‌కు ఒక ఆయుధం తీయొచ్చు లేదా పెట్టొచ్చు. మా ఫైటర్ ఇది పట్టుకున్నాడు. ఎడమ చేతిలో డాలు వదలకుండా, కుడి చేత్తోనే షార్ట్‌స్వోర్డ్ వేసి, ఒరలో పెట్టి, డాగర్ తీసి ఇంకో పోటు అన్నాడు. డీఎం అన్న పుస్తకం మూసేసి, "నీకెన్ని చేతులున్నయ్ రా, లెక్కపెట్టు" అన్నాడు. అక్షరాలా చదివితే వాడు చెప్పింది రూలే. మేం ఒప్పుకోలేదు.

నాకు ఇంకో అసంతృప్తి. డ్యుయల్ వీల్డర్ ఫీట్ పాతదాంట్లో ఆర్మర్ క్లాస్‌కు (మనకు దెబ్బ తగలకుండా కాచే అంకె) ఒక పాయింట్ కలిపేది, కొత్తదాంట్లో అది తీసేసి బోనస్ యాక్షన్‌తో ఇంకో దెబ్బ ఇచ్చారు. దెబ్బలు ఎక్కువయ్యాయి, సంతోషమే. కానీ పీర్ల పండుగకు మా ఊళ్లో రెండు కర్రలతో కర్రసాము ఆడే తాత ఒకాయన ఉండేవాడు, చిన్నప్పుడు నేను రెండూ కలిపి ఎడాపెడా తిప్పుతుంటే ఎడమ మోచేతి మీద చిన్నగా తట్టి, "బిడ్డా, గిది కొట్టనీకి కాదు, ఆపనీకి" అనేవాడు. యూరప్‌లో రేపియర్ పక్కన డాగర్ పట్టిందీ ఎక్కువగా అవతలి కత్తిని ఆపడానికే. పుస్తకంలో ఎడమ చేతికి ఆపే పని లేకుండా పోయింది. మా టేబుల్ మీద రెండో దెబ్బ వదులుకుంటే తర్వాతి టర్ను దాకా ఆర్మర్ క్లాస్ ప్లస్ 1 అని సొంత రూల్ పెట్టుకున్నాం.

కొనాలా వద్దా అంటే, లైట్, నిక్, వెక్స్ రూల్స్, రోగ్, ఫైటర్ క్లాసులు 2025లో ఫ్రీగా విడుదలైన ఎస్ఆర్‌డీ 5.2 అనే రూల్స్ పత్రంలోనే ఉన్నాయి, ఫోన్‌లో దించుకుని ముందు నాలుగు ఆదివారాలు ఆడండి. డ్యుయల్ వీల్డర్ ఫీట్ అందులో లేదు, అది కావాలంటేనే పుస్తకం. అమెరికా ధర 49.99 డాలర్లు, హనుమకొండకు చేరేసరికి ఎంతవుతుందో ఒక్కడే భరించే పని పెట్టుకోకండి, మేం నలుగురం పంచుకున్నాం. ఇప్పుడు పుస్తకం నా దగ్గరే ఉంది, రేంజర్ ఆడేవాడు నాలుగు రోజుల నుంచి కాజీపేట నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, నేను ఎత్తట్లేదు.