మూత తీస్తే నిన్నటి రంగు ఇంకా తడిగానే: వెట్ పాలెట్, మూడేళ్ల వాడకం తర్వాత

చిన్న సిపాయి బొమ్మలకి రంగులేసి, ఆ సైన్యాలతో బల్ల మీద యుద్ధం ఆడే వార్‌హ్యామర్ నా హాబీ. వెట్ పాలెట్ అంటే ఆ రంగులు ఆరిపోకుండా కలుపుకునే మూత డబ్బా, లోపల తడి స్పాంజ్, దాని మీద పేపర్. స్పాంజ్ ఎంత మందం, ఎన్ని పేపర్లు ఇస్తారు, డబ్బా పొడవెంత, ఇవన్నీ అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి నేను పోను. నాకు ఈ వెట్ పాలెట్ మీద ఉన్న ప్రేమంతా ఒక్క విషయం దగ్గరే ఉంది. రాత్రి కలిపి పెట్టిన రంగు మర్నాడు రాత్రి మూత తీసేసరికి ఇంకా తడిగా, బ్రష్ ముంచగానే పనికొచ్చేలా ఉంటుంది. ఈ గుణమే లేకపోతే మొదటి టోర్నమెంటుకి నా సైన్యం తయారయ్యేది కాదు. ఆ టోర్నమెంటుకి పంతొమ్మిది రోజుల ముందు నాకు నిద్ర పట్టకుండా చేసింది కూడా ఇదే డబ్బా, ఆ కథ కింద చెప్తాను.

నేను ఉండేది ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌లో. వార్‌హ్యామర్ ఆటనీ దాని బొమ్మల్నీ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల హెడ్డాఫీసు ఇక్కడే లెంటన్‌లో ఉంది, వార్‌లార్డ్, మాంటిక్, పెర్రీ మినియేచర్స్ కూడా ఈ ఊరివాళ్లే. బొమ్మల కంపెనీలు ఇన్ని ఒకేచోట చేరబట్టి, పూర్వం ఈ బొమ్మల్ని సీసం కలిసిన లోహంతో పోత పోసేవాళ్లు కాబట్టి, ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని హాబీలో ఉన్నవాళ్లు లెడ్ బెల్ట్ అంటారు. ఉద్యోగం కోసం వచ్చినప్పుడు నాకు ఇవేమీ తెలియవు. ఒక ఆదివారం వర్షంలో ఎక్కడికి పోవాలో తోచక గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల ప్రదర్శనశాల వార్‌హ్యామర్ వరల్డ్‌లోకి వెళ్లి, అద్దాల వెనక వరసలు తీరిన సైన్యాల్ని చూసి అక్కడే రెండు గంటలు నిలబడిపోయాను. చిన్నప్పుడు మా విజయవాడలో బొమ్మల కొలువు ముందు నిలబడినట్టే నిలబడ్డాను.

ఆ ఆటలో ఉన్న సైన్యాల్లో నేను ఎంచుకున్నది ఆస్ట్రా మిలిటరం. అంటే గుంపులు గుంపులుగా మామూలు సిపాయిలు. ఆటలో ఒక్కో దళానికి ఇన్ని పాయింట్లని ఉంటుంది, 2000 పాయింట్ల లిస్టు రాసుకుంటే ట్యాంకులు కాక 64 మంది కాలిబంట్లు తేలారు. 64 మందికీ ఒకే యూనిఫాం రంగు ఉండాలి. కొన్న సీసాల్లో ఏ ఆకుపచ్చా నాకు నచ్చలేదు, నాకు కావాల్సింది ముదిరిన చింతాకు రంగు, కాస్త పసుపు తగిలి, కాస్త మట్టి తగిలి ఉండే పచ్చ. ముదురు ఆకుపచ్చలో ఒక బ్రౌనూ, ఎముక తెలుపు లాంటి ఒక లేత రంగూ కలిపితే అది వచ్చింది. వచ్చిందని ఎంత సంతోషపడ్డానో, రెండో రోజు అదే రంగు మళ్లీ రాలేదని అంత బాధపడ్డాను.

మా పిల్లాడు పడుకునేసరికి ఎనిమిదిన్నర. ఆ తర్వాత గిన్నెలు కడిగి, మర్నాటి లంచ్ బాక్సులు సర్ది కూర్చుంటే నా చేతికి మిగిలేది నలభై నిమిషాలు. పింగాణీ ప్లేటు మీద రంగు కలిపే రోజుల్లో అందులో పది నిమిషాలు కలపడానికే పోయేవి. చలికాలం రేడియేటర్ నడుస్తుంటే ఇంకో పది నిమిషాల్లో ఆ చుక్క మీద పాల మీద మీగడ కట్టినట్టు పొర కట్టేది, అది బ్రష్‌కి అంటుకుని బొమ్మ ముఖం మీదికి ఉండలుగా వచ్చేది. పైగా ఏ రోజు కలిపిన రంగు ఆ రోజుదే. మొదటి ఐదుగురు సిపాయిల్ని పక్కపక్కన పెడితే ఐదు ఊళ్ల నుంచి వచ్చినట్టున్నారు.

2023 జనవరిలో వెట్ పాలెట్ కొన్నాను. నీళ్లు పీల్చుకున్న స్పాంజ్, దాని మీద పేపర్, పేపర్ మీద రంగు. పైనుంచి ఎంత నీరు ఆవిరవుతుందో అంత నీరు కింద స్పాంజ్ నుంచి పేపర్ గుండా రంగులోకి ఎక్కుతూ ఉంటుంది, ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. కానీ మొదటిసారి మర్నాడు మూత తీసి, నిన్నటి చింతాకు చుక్క నిన్న ఎలా వదిలానో అలాగే మెరుస్తూ కనిపించినప్పుడు, మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఆ రాత్రి నలభై నిమిషాలూ పెయింటింగే చేశాను. రోజుకి ముగ్గురు సిపాయిల యూనిఫాం, ఒక్కోసారి నలుగురిది. రంగు తగ్గుతుంటే అదే మడుగులో మూడు రంగులూ చుక్క చుక్క పోసుకుంటూ వెళ్లాను, పాత రంగు అక్కడే ఉంది కాబట్టి కొత్తది దానికి సరిపోయిందో లేదో కళ్ల ముందే తెలిసేది. పెరుగు తోడు వేసినట్టు, నిన్నటి దాన్లోంచి ఇవాళ్టిది.

అన్నిటికీ ఇది పనికిరాదు. మెటాలిక్ రంగులు దీని మీద పెట్టకండి. నేను తుపాకులకి వెండి రంగు ఒక మూల పెట్టుకున్నాను, అందులో ఉండే సన్నటి రేకుల పొడి నీళ్లతో పాటు పాకి, రెండు రోజులకి నా సిపాయిల బుగ్గల మీద తళుకు తేలింది. ఆ పేపరూ స్పాంజూ కడిగినా పూర్తిగా పోలేదు. అప్పటి నుంచి వెండి, ఇత్తడి రంగులకి పాత పింగాణీ టైలు ముక్క వాడుతున్నాను. గుంటల్లోకి పారి నీడ తెచ్చే పల్చటి వాష్‌లూ, 2019లో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల రంగుల బ్రాండు సిటడెల్ తెచ్చిన, ఒక్క పూతలోనే నీడా వెలుగూ తెచ్చే కాంట్రాస్ట్ లాంటి రంగులూ కూడా దీని మీద వద్దు, వాటిలోకి కింద నుంచి నీరు ఎక్కితే పల్చబడిపోయి అవి చేయాల్సిన పని చేయవు. ఇంకో మాట, స్పాంజ్‌ని నిండా తడిపి పైన నీళ్లు తేలేలా ఉంచితే రంగు చారులా అవుతుంది. తడిపాక వాలుగా పట్టుకుని మిగిలిన నీళ్లు వంపేయాలి.

ఇక ఆ ఆగస్టు సంగతి. 2024 శ్రావణంలో మా పిన్ని కూతురి పెళ్లికి ఇంటికి వెళ్లాం. పన్నెండు రోజులు. అప్పటికి 64 మందిలో 50 మంది యూనిఫాం అయిపోయింది, మిగిలింది 14 మందే. వెళ్లే ముందు రాత్రి చింతాకు రంగు పెద్ద మడుగు కలిపి, 14 మందికీ సరిపోతుందని లెక్క వేసుకుని, మూత గట్టిగా బిగించి అల్మరాలో పెట్టాను. వచ్చాక టోర్నమెంటుకి పంతొమ్మిది రోజులుంటాయి, హాయిగా చేసుకోవచ్చు అనుకున్నాను. అంత నమ్మకం నాకు ఈ డబ్బా మీద. మొదటి ఏడాది నన్ను అడిగిన ప్రతివాళ్లకీ "పది రోజులైనా రంగు చెక్కుచెదరదు" అని చెప్పాను. ఎవరైనా ఆ మాట నమ్మి కొని ఉంటే దయచేసి ఇది చదవండి.

తిరిగి వచ్చి సూట్‌కేసులు ఇంకా తెరవకముందే మా ఆవిడ "ఏమండీ, ఈ వాసన ఎక్కణ్ణుంచి?" అంది. ఫ్రిజ్ చూసింది, సింకు చూసింది. నాకు అప్పుడే గుండె జారింది. అల్మరా తలుపు తీసి డబ్బా మూత ఎత్తితే, వర్షంలో తడిసి మూల పడేసిన గోనెసంచి వాసన. స్పాంజ్ అంచుల వెంట నల్లటి చుక్కలు, పేపర్ కింద బూజు. పైన నా రంగు ఎండిపోయి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. అది తడిగానే ఉంది, కానీ విడిపోయింది. అడుగున బ్రౌన్ మడ్డి, పైన పచ్చటి నీళ్లు, మధ్యలో జిగురు. కలిపి చూశాను, వాసనకి కలపలేకపోయాను. స్పాంజ్, పేపర్, రంగు అన్నీ బయట చెత్తబుట్టలో వేసి వచ్చాను.

అప్పుడు తెలిసింది అసలు నష్టం. ఏడాదిన్నరగా తోడు వేసుకుంటూ వచ్చిన రంగు కదా, దాని పాళ్లు నేను ఎక్కడా రాసుకోలేదు. ఎన్ని చుక్కలకి ఎన్ని చుక్కలో నాకే తెలియదు, అవసరమే పడలేదు. ఈ డబ్బా ఇచ్చిన సుఖమే నాకు ఆ అలవాటు లేకుండా చేసింది.

మూడు రాత్రులు రంగు పట్టుకోవడానికే పోయాయి. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక కాస్త ముదురు, అందుకని పాలెట్ మీద సరిపోయింది కదా అని వేస్తే ఆరాక సరిపోదు. బొమ్మలు వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కలకి అదే ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టి, వాటి మీద ఒక్కో పాళ్లలో గీత గీసి, పక్కన ఎన్ని చుక్కలో రాసి, ఆరనిచ్చి, పాత సిపాయి పక్కన పెట్టి కిటికీ వెలుతురులో చూడటం. పదకొండో గీత దగ్గరికి వచ్చింది. దగ్గరికే, అదే రంగు కాదు, ఒక పిసరు నీలం ఎక్కువ. నాకు తప్ప ఎవరికీ తెలియదని మా ఆవిడ అంది, కానీ నాకు తెలుసు కదా.

చివరికి రెండు పనులు చేశాను. ఆ 14 మందినీ వేర్వేరు దళాల్లో కలపకుండా ఒకచోటే ఉంచి, భుజం మీద తెల్ల గీత గీశాను, వేరే రెజిమెంటు నుంచి వచ్చిన వాళ్లలా. తర్వాత సైన్యం మొత్తానికి, ముందు చేసిన 50 మందికి కూడా, పల్చటి బ్రౌన్ వాష్ ఒక పూత వేశాను. అందరి మీదా ఒకే మట్టి పడేసరికి రెండు పచ్చలూ దగ్గరయ్యాయి. ఆ వాష్ వేసింది రెండు శనివారాలు పగటిపూట, టైలు ముక్క మీద నుంచే. పిల్లాడు పక్కన కూర్చుని ఆరిన వాళ్లని లెక్కపెట్టాడు. బొమ్మల కాళ్ల కింద ఉండే బేసుల్లో చివరివాటి అంచులకి నల్ల రంగు టోర్నమెంటు ముందు రాత్రి పన్నెండున్నరకి వేశాను.

టోర్నమెంటు ఒక రోజుది, మూడు ఆటలు. ఆట నియమాల అప్పటి పదో ఎడిషన్‌లో ఆటకి 100 పాయింట్లలో 10, సైన్యం మొత్తం బ్యాటిల్ రెడీగా ఉన్నందుకే వచ్చేవి, అంటే ప్రతి బొమ్మకీ ముఖ్యమైన భాగాలకి రంగు ఉండాలి, బేసు పూర్తయి ఉండాలి. నా ఎదుటివాళ్లు ముగ్గురివీ కూడా పూర్తయిన సైన్యాలే కాబట్టి ఆ పది అటూ ఇటూ సమానమే. రెండు ఆటలు ఓడాను, ఒకటి గెలిచాను. రెండో ఆటలో ఎదుటాయన తెల్ల గీత వాళ్లని చూపించి వీళ్లు వేరే రెజిమెంటా అని అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన ఒకణ్ణి ఎత్తి, ఇంకొకణ్ణి ఎత్తి, కిటికీ వైపు తిప్పి చూసి, తనకీ ఒకసారి ఇలాగే స్పాంజ్ కుళ్లిందని చెప్పాడు. తర్వాత ఆ 14 మందినీ ఆ ఆట మూడో రౌండు లోపే తుడిచిపెట్టేశాడు.

ఇప్పటి నా వాడకం ఇది. ప్రతి ఆదివారం స్పాంజ్‌ని వేడినీళ్లతో పిండి, పేపర్ మారుస్తాను. కాచి చల్లార్చిన నీళ్లే పోస్తాను. నాలుగు రోజులకి మించి ఏ రంగునీ నమ్మను. స్పాంజ్ కింద రాగి నాణెం పెడితే బూజు పట్టదని ఇక్కడ చాలామంది చెప్తారు, ముందు ఒక రెండు పెన్నీల నాణెం పెట్టాను, నెలరోజుల్లో దాని అంచు తుప్పు పట్టి పేపర్‌కి మరక అంటింది. 1992 నుంచి వాటిని ఉక్కు మీద రాగి పూతతో చేస్తున్నారట, అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మమ్మ ఇచ్చిన పాత నాణేల మూటలో 1940లనాటి చిల్లు కాణీ ఒకటి ఉంది, కంచుది, అంటే ఎక్కువ భాగం రాగే. అది పెట్టాను. అమ్మమ్మ రాత్రిపూట రాగి చెంబులో నీళ్లు పోసి ఉంచేది, అదీ గుర్తుకొచ్చింది. అప్పటి నుంచి బూజు రాలేదు, అయితే అప్పటి నుంచే వారం వారం కడుగుతున్నాను కూడా, కాబట్టి ఆ పుణ్యం కాణీదో నా కడుగుడుదో గట్టిగా చెప్పలేను.

కొనాలా అంటే, మీరు ఎలా కూర్చుంటారన్న దాన్ని బట్టి. నాలా రోజూ అరగంటో ముప్పావుగంటో దొరికేవాళ్లకి, సొంతంగా కలిపిన రంగుని వారంలో నాలుగైదు రాత్రులు లాగాల్సిన వాళ్లకి, నేను మళ్లీ ఇదే చెప్తాను. ఆదివారం పొద్దున్న కూర్చుని సాయంత్రానికి లేచేవాళ్లకి, కాంట్రాస్ట్ రంగులతోనే సైన్యం మొత్తం లాగించేవాళ్లకి ఇది అంత అవసరం లేదు. కంపెనీ డబ్బాయే కావాలని కూడా లేదు. నాది మూత బిగించే రబ్బరు పట్టీ రెండో ఏడు సాగిపోయింది, ఇప్పుడు మామూలు రబ్బరు బ్యాండ్ వేస్తున్నాను.

హైదరాబాదులో మా బాబాయి కొడుక్కి ఇది చూసి ఆశ పుట్టింది. వాడికి మాత్రం కొనొద్దన్నాను, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా, వంటింటి స్పాంజ్ గుడ్డ, కేకుల కింద వేసే బేకింగ్ పేపర్ చాలన్నాను. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే రెండు గంటలకోసారి నీళ్లు పోయాల్సి వస్తోంది అన్నయ్యా, అని మెసేజ్ పెట్టాడు, రంగు మాత్రం ఆరడం లేదట. వాడికి పాళ్లు రాసుకోమని చెప్పాను. నా పాళ్లు ఇప్పుడు డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి ఉన్నాయి: పచ్చ ఐదు, బ్రౌన్ మూడు, లేత రంగు రెండు.