కంబోడియాలో ఇంగ్లిష్ సెంటర్ పెట్టవచ్చా? మూడు ఊళ్లు చూసి వేసిన లెక్క

కంబోడియా వెళ్తున్నామని చెబితే మా బంధువుల్లో ఒక్కరి ముఖంలోనూ సంతోషం కనిపించలేదు. వాళ్ల భయానికి కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను ఏజెంట్లు అక్కడికి పంపడం, తీరా వెళ్లాక వాళ్లను నిర్బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించడం, 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఆ ముఠాను బయటపెట్టడం ఇంకా అందరికీ గుర్తే. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి కూడా "మిమ్మల్ని ఎవరు పంపిస్తున్నారు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన అడగడమే మంచిది. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్ అచ్చు తీయించి పెట్టుకున్నాం కాబట్టి ఇబ్బంది లేకుండా బయటపడ్డాం. ఒంటరిగా వెళ్లే యువకులైతే ఈ కాగితాలు లేకుండా బయల్దేరవద్దు.

మా పని వేరు. రాజమహేంద్రవరంలో ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు నడుపుతున్నాను. మావారు ఉద్యోగ విరమణ చేశారు. ఆగ్నేయాసియాలో ఏదైనా చిన్న ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని ఇదే పని చేస్తే ఎలా ఉంటుందన్నది మా ఆలోచన. ముందుగా కంబోడియాకే వెళ్లడానికి కారణం అక్కడి నిబంధనలు. కంపెనీ మొత్తం విదేశీయుల పేరు మీదే ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అవుతుంది, కనీస మూలధనం 40 లక్షల రియెల్ (అక్కడి కరెన్సీ), అంటే సుమారు వెయ్యి డాలర్లు. భూమి మాత్రం మన పేరున కొనలేం. వీసా విషయంలో ఒక్క మాట: పర్యాటక వీసా ఒక్క నెలకు, ఒక్కసారే పొడిగిస్తారు. వ్యాపారం, ఉద్యోగం ఆలోచన ఉన్నవాళ్లు 35 డాలర్లు కట్టి ఈ-క్లాస్ వీసా మీద దిగాలి. దాన్ని ఏజెంటు ద్వారా ఏడాదికి పొడిగించుకోవడానికి దాదాపు 300 డాలర్లు, వర్క్ పర్మిట్‌కు ఏటా 100 డాలర్లు.

రాజధాని నాంపెన్‌లో ఇప్పుడు దిగేది టెచో విమానాశ్రయంలో. 2025 సెప్టెంబర్‌లో తెరిచారు, మేము వెళ్లింది నవంబర్‌లో. హాలు చూస్తే కళ్లు చెదురుతాయి, ఊరు మాత్రం దూరమైంది. రష్యన్ మార్కెట్ దగ్గర బస చేశాం. రోజుకు పాతిక డాలర్లకు శుభ్రమైన ఏసీ గది, మంచి వేడినీళ్లు. పక్క వీధిలో రోడ్డుకు అడ్డంగా పెళ్లి షామియానా వేసి తెల్లవారకముందే మైకు పెట్టారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లం కనుక తట్టుకున్నాం. తిరగడానికి పాస్‌యాప్ అనే యాప్‌లో బండి పిలిస్తే వచ్చేవి మన బజాజ్, టీవీఎస్ ఆటోలే! మీటరు గొడవ లేదు, ధర ముందే తెరమీద కనిపిస్తుంది. డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు కానీ నోటుకు చిన్న చిరుగు ఉన్నా వెనక్కి ఇచ్చేస్తారు.

అసలు మార్కెట్ ఏమిటో తెలియాలంటే సాయంత్రం ఐదింటికి ఏదో ఒక ఇంగ్లిష్ సెంటర్ ముందు నిలబడాలి. అక్కడ ప్రభుత్వ బడి సగం పూటే. కొందరికి ఉదయం ఏడు నుంచి పదకొండు, కొందరికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు. మిగిలిన పూటను ప్రైవేటు తరగతులే నింపుతాయి. ఒక తండ్రి స్కూటర్ ఆపి, వెనక కూర్చున్న పాప బడి యూనిఫాం తెల్లచొక్కా మీదే సెంటర్ పేరున్న టీషర్టు తొడిగి, చివరి అన్నం ముద్ద నోట్లో పెట్టి లోపలికి తోశాడు. లోపల స్పైరల్ బైండింగ్ వేసిన జిరాక్స్ పుస్తకాలు, ఒక్కో గదిలో ముప్పై మంది. అమీర్‌పేట చూసినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు.

అంటే గిరాకీకి లోటు లేదు. చిక్కంతా రేటు దగ్గర వస్తుంది. సందుల్లోని సెంటర్లలో రోజుకో గంటకు నెలకు పదిహేను, ఇరవై డాలర్లు. 2025లో దుస్తుల ఫ్యాక్టరీ కార్మికుల కనీస వేతనం నెలకు 208 డాలర్లు, కాబట్టి అంతకు మించి ఎక్కువమంది కట్టలేరు. కట్టగలవాళ్లు 1992 నుంచి ఉన్న ఆస్ట్రేలియన్ సెంటర్ ఫర్ ఎడ్యుకేషన్ లాంటి పెద్ద సంస్థలకు వెళ్తారు. ఈ రెండింటి మధ్య చోటు ఉందేమోనని ఒక సెంటర్ యజమానురాలిని అడిగాను. మర్యాదగానే చెప్పింది: "అక్కా, మీ ఇంగ్లిష్ నాకంటే బాగుంది. కానీ ఎక్కువ ఫీజు కట్టే తల్లిదండ్రులు బోర్డు మీద తెల్లవాళ్ల ఫోటో వెతుకుతారు." ఆమె దగ్గర పనిచేసేది ఇద్దరు ఫిలిప్పీన్స్ ఉపాధ్యాయులు. చక్కగా చెబుతారు, జీతం మాత్రం అమెరికన్‌కు ఇచ్చేదానికంటే బాగా తక్కువ. ఉద్యోగ ప్రకటనల్లో అడిగే 'నేటివ్ స్పీకర్' (ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు) అన్న అర్హత నోటితో తేలేది కాదు, పాస్‌పోర్టు చూసి తేల్చేది. ఇంగ్లిష్ మీడియంలో చదివి ఇంగ్లిష్‌లోనే ఎంఏ చేసినా మన పాస్‌పోర్టు ఆ లెక్కలోకి రాదు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. అయితే కోపంతో అద్దె కట్టలేం.

అద్దె సంగతి కూడా చెప్పాలి. కింద దుకాణం, పైన ఇల్లు ఉండే ఇరుకైన మేడ నాంపెన్‌లో ఓ మోస్తరు వీధిలో అడిగితే 600 డాలర్లకు పైమాటే చెప్పారు. ఆ ఊరు మాకు కుదరదని అక్కడే తేలిపోయింది.

ఆంగ్కోర్ గుడులు ఉన్న సియెమ్ రీప్‌కు నాంపెన్ నుంచి బస్సులో ఆరు గంటలు. జెయింట్ ఐబిస్ బస్సు సమయానికి బయల్దేరింది, రోడ్డు బాగుంది. బసకు మూడు ఊళ్లలో ఇదే ఉత్తమం. వాట్ బో రోడ్డు వైపు ఇరవై డాలర్ల లోపే ఈతకొలనుతో సహా గది దొరికింది. ఆంగ్కోర్ టికెట్ ఒక రోజుకు 37, మూడు రోజులకు 62 డాలర్లు. మూడు రోజులది తీసుకోండి. తా ప్రోమ్ గుడిలో మన పురావస్తు శాఖ చేస్తున్న మరమ్మతు పనులు చూసి మావారు అక్కడి కాపలా మనిషితో గంటసేపు కబుర్లు పెట్టారు. భోజనానికి ఇండియన్ హోటళ్లు బోలెడు ఉన్నా, నాకు నచ్చింది బజారులో వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద వేయించిన తూటికూర. చేపసాస్ వేయవద్దని ముందే చెప్పాలి.

వ్యాపారానికి మాత్రం ఈ ఊరు పనికిరాదు. ఊరి చుట్టూ ఇంగ్లిష్‌ను ఉచితంగా నేర్పే స్వచ్ఛంద బడులు ఉన్నాయి, పర్యాటకులే వచ్చి కొన్ని వారాలు పాఠాలు చెప్పి పోతుంటారు. ఆ పాఠాల నాణ్యత మీద నాకు గట్టి సందేహాలే ఉన్నాయి. ఎంత నాసిగా ఉన్నా, ఊరికే వచ్చేదానితో పోటీపడి ఫీజు అడగడం కష్టం. పైగా 2025 జూన్ నుంచి థాయ్‌లాండ్ సరిహద్దు దారులు మూతపడి బ్యాంకాక్ నుంచి బస్సులో వచ్చే జనం ఆగిపోయారు. హోటల్ సిబ్బందికి ఇంగ్లిష్ శిక్షణ ఇద్దామంటే హోటళ్లే సగం ఖాళీగా కనిపించాయి.

మూడో ఊరు బట్టంబాంగ్ మాకు నచ్చింది. సంగ్‌కే నది ఒడ్డున ఫ్రెంచివాళ్ల కాలపు మేడలు, నెమ్మదైన వీధులు, రాత్రి తొమ్మిదికే సద్దుమణిగే ఊరు. మేము దిగిన గెస్ట్‌హౌస్‌లో మెత్తని పరుపు, మొండి వైఫై. బడి దగ్గర్లో ఒక మేడ కింది భాగం నెలకు 250 డాలర్లకు ఇస్తామన్నారు, రెండు నెలల అడ్వాన్సు. ఆ రాత్రి గెస్ట్‌హౌస్ అరుగు మీద లెక్క వేశాం. అరవై మంది పిల్లలు, తలకు పదిహేను డాలర్లు, మొత్తం 900. అద్దె 250, స్థానిక ఉపాధ్యాయురాలికి 300, కరెంటుకు, జిరాక్సులకు 80. మిగిలేది 270. వీసా, పర్మిట్ ఖర్చు నెలకు పంచితే మరో 33 పోతాయి. చేతికొచ్చేది 237 డాలర్లు, అంటే ఇరవై వేల రూపాయల పైచిలుకు. ఇది ఒక్కరికే. మావారి వీసా ఖర్చు, మా తిండి, ఇల్లు ఇందులో లేవు. విద్యా శాఖ అనుమతి, ఏటా కట్టే పేటెంట్ పన్ను (వ్యాపార లైసెన్సు రుసుము), విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి చేసే కోటా దరఖాస్తు కూడా కలపలేదు. అరవై మంది మొదటి నెలలోనే వస్తారన్న హామీ ఎవరూ ఇవ్వరు.

థాయ్‌లాండ్ సరిహద్దు బట్టంబాంగ్‌కు ఇంకా దగ్గర. 2025 జులైలో రెండు దేశాల మధ్య ఐదు రోజులు పోరు జరిగి ఆగిందని అందరూ ధైర్యంగానే మాట్లాడారు. మేము తిరిగొచ్చిన తర్వాత డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది.

అడ్వాన్సు ఇవ్వలేదు. అక్కడ పెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కంపెనీ రిజిస్ట్రేషన్ సులువన్న మాట విని బయల్దేరకండి, ముందు ఎవరి దగ్గరైనా ఒక విద్యా సంవత్సరం జీతానికి పాఠాలు చెప్పండి. అక్కడ బడులు తెరిచేది నవంబర్‌లో, కాబట్టి సెప్టెంబర్‌కల్లా వెళ్లి సెంటర్లు తిరగాలి. మేమైతే ఆ గెస్ట్‌హౌస్ యజమాని కూతురికి, ఆమె స్నేహితులు నలుగురికి వారానికి మూడు సాయంత్రాలు రాజమహేంద్రవరం నుంచే ఆన్‌లైన్‌లో చెబుతున్నాం. తలకు పదిహేను డాలర్లే తీసుకుంటున్నాం. అద్దె లేదు.