కనబడని పాటను చెరిపేయని సర్వర్: నావిడ్రోమ్‌తో నా అనుభవం

విజయనగరంలో మా ఇంట్లో పాటల సర్వర్, అంటే మన పాటలను దాచి ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ వినిపించే యంత్రం, పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు దాన్ని నడిపేది నావిడ్రోమ్ అనే సాఫ్ట్‌వేర్. లైనక్స్‌తో నడిచే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, దానికి తగిలించిన యూఎస్‌బీ హార్డ్ డిస్క్, అందులో దాదాపు 14,000 పాటలు ఉన్నాయి. మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న రోజుల నుంచి నాన్నగారు కూడబెట్టిన క్యాసెట్లను నేనే ఒక్కొక్కటిగా ఎక్కించాను. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, హరికథలు, పైడితల్లి అమ్మవారి పాటలు వాటిలో ఉన్నాయి. వీటిలో చాలా వరకు మళ్లీ దొరకవు కనుక, సర్వర్ వాటి లెక్క ఎలా ఉంచుతుందన్నది నాకు చిన్న విషయం కాదు.

మొదట వాడిన సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి ప్రతి ఫైలునూ తెరిచి చదివేది, అందుకు దాదాపు గంట పట్టేది. ఆ నిదానాన్ని భరించాను కానీ దాని తొందరపాటును భరించలేకపోయాను. కరెంటు పోయి వచ్చినప్పుడు హార్డ్ డిస్క్ సిద్ధమయ్యే లోపే సర్వర్ లేచి, ఖాళీగా కనబడిన ఫోల్డర్‌ను చూసి, పాటలన్నీ ఎవరో తీసేశారనుకుని తన డేటాబేస్ నుంచి చెరిపేసింది. ఫైళ్లు క్షేమంగానే ఉన్నాయి. అయితే నాన్నగారు ఆరు నెలలు కూర్చుని, వేళకు తగ్గ రాగాల వరుసలో పేర్చుకున్న ప్లేలిస్ట్ ఖాళీ అయిపోయింది. ఇలా రెండుసార్లు జరిగింది.

నావిడ్రోమ్ 2025లో విడుదల చేసిన 0.55 వెర్షన్‌లో స్కానర్‌ను, అంటే ఫోల్డర్లు వెతికి పాటల వివరాలు చదివే భాగాన్ని, కొత్తగా రాశారని తెలిసి దానికి మారాను. ఇది మార్పు జరిగిన ఫోల్డర్లనే తిరిగి చదువుతుంది కాబట్టి, మొదటిసారి స్కానింగ్‌కు అరగంట పట్టినా ఆ తర్వాత రోజువారీ పని కొద్ది సెకన్లలో ముగుస్తోంది. అంతకంటే ముఖ్యంగా, ఫైలు కనబడకపోతే దాన్ని చెరిపేయకుండా, కనబడనివాటి జాబితాలో ఉంచుతుంది. నమ్మకం కుదరక నేను కావాలనే హార్డ్ డిస్క్ తీసేసి స్కాన్ చేయించాను. పాటలన్నీ ఆ జాబితాలోకి వెళ్లాయి. తిరిగి తగిలించి మళ్లీ స్కాన్ చేయిస్తే నాన్నగారు పెట్టుకున్న గుర్తులతో, విన్న లెక్కలతో సహా తిరిగి వచ్చాయి. ఆ తర్వాతే పాతదాన్ని తీసేశాను.

ఫైలును వేరే ఫోల్డర్‌లోకి మార్చినా ట్యాగుల (ఫైలు లోపలే రాసి ఉండే పాట పేరు, ఆల్బమ్, కళాకారుడు వంటి వివరాల) ఆధారంగా పోల్చుకుంటుంది. అయితే చోటునూ ట్యాగునూ ఒకేసారి మార్చితే దానికి ఆనవాలు మిగలదు. కాబట్టి ముందు ఫైలును జరిపి, స్కాన్ ముగిశాక ట్యాగులు సరిచేసుకోవడం మంచిది. ఆల్బమ్ కళాకారుడి ట్యాగు ఖాళీగా ఉన్న క్యాసెట్లు గాయకుడికొక ముక్కగా విడిపోయాయి, వాటిని చేత్తో దిద్దుకోక తప్పలేదు. కొత్త పాటలను ఇది తనంతట తానే గమనిస్తుంది కానీ, పాటలు వేరే యంత్రంలో ఉండి నెట్‌వర్క్ ద్వారా అందుతుంటే అక్కడి మార్పుల కబురు లైనక్స్‌కు చేరదు. అలాంటివారు స్కానింగ్‌కు వేళ పెట్టుకోవాలి.

సర్వర్ తప్పు కాని ఒక చిక్కు గురించి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. నా డిస్కులో ‘పైడితల్లి’ అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కన కనబడేవి, రెంటిలోనూ చెరి సగం పాటలు ఉండేవి. ఒకటి పాత మ్యాక్ కంప్యూటర్ నుంచి వచ్చింది. ఆ మ్యాక్ ఫైల్ వ్యవస్థ ‘పై’లోని ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా విడదీసి దాచుతుంది. నా ల్యాప్‌టాప్ దాన్ని ఒకే సంకేతంగా రాస్తుంది. కంటికి తేడా లేకపోయినా లైనక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ల్యాప్‌టాప్‌లో తయారు చేసిన ప్లేలిస్ట్‌లో సగం పాటలు పలకకపోవడానికి కారణం ఇదేనని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. కన్వ్‌ఎంవీ అనే చిన్న ఉపకరణంతో పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చి, రెండు ఫోల్డర్లనూ కలిపాను.

డిస్కును విండోస్ ఫైల్ వ్యవస్థ ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి లైనక్స్ ఫైల్ వ్యవస్థ ఈఎక్స్‌టీ4కు మార్చడం వల్ల కూడా వేగం పెరిగింది. డిస్క్ సిద్ధమయ్యాకే సర్వర్ లేచేలా, లైనక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఒక వరుస చేర్చాను. కనబడనివాటి జాబితాను మనమే చూసి తీసేయవలసి రావడం కొందరికి విసుగు అనిపించవచ్చు, నాకు మాత్రం అదే భరోసా. మొన్న పైడితల్లి సిరిమానోత్సవానికి ముందురోజైన తొలేళ్ల సాయంత్రం కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. అమ్మ అడిగిన అమ్మవారి పాటలు మూడుసార్లూ ఒక్కటి తగ్గకుండా ఉన్నాయి.