డీజిల్ వాగులో పడితే: ఏరోజెలా, బూరుగు దూదా?

రాయగడ దగ్గర ఘాట్ రోడ్డులో ట్యాంకర్ బోల్తా పడితే డీజిల్ ముందు వాగులోకి, అక్కణ్ణుంచి నాగావళిలోకి చేరుతుంది. కింద తోటపల్లి బ్యారేజీ ఆయకట్టుకు పారేదీ ఆ నీళ్లే. అందుకే చమురు పీల్చే సరుకు ఏది దగ్గర ఉంచుకోవాలన్నది మనం పట్టించుకోవలసిన విషయం.

మెకానిక్ షెడ్డుల్లో వాడేది రంపపు పొట్టు. నేల మీద ఒలికినదానికి అది చాలు, ఇసుకైనా సరిపోతుంది. నీళ్లలో మాత్రం దండగ. నూనెతో పాటు నీళ్లూ తాగి, బరువెక్కి మునిగిపోతుంది.

ఫ్యాక్టరీలు కొనే తెల్ల ప్యాడ్లు పాలీప్రొపిలీన్‌వి. నీళ్లు పీల్చవు, తేలుతాయి, పని బాగా చేస్తాయి. కానీ అది ప్లాస్టిక్. రాళ్ల సందులో ఒక ముక్క ఇరుక్కుంటే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఏరోజెల్ సంగతి వేరు. అది నిండా సన్నటి గాలి రంధ్రాలుండే తేలికైన గట్టి పదార్థం. జెల్‌లోని ద్రవం తీసేసి, అల్లిక కూలకుండా గాలి నింపడమెలాగో 1931లో శామ్యూల్ కిస్ట్లర్ చూపించాడు. ఇప్పుడు చెక్క గుజ్జు, పాత కాగితంలోని సెల్యులోజ్‌తో, అంటే మొక్కల పీచు పదార్థంతో, అదే చేస్తున్నారు. అందులో 95 శాతానికి పైగా గాలే. సెల్యులోజ్ నీళ్లు పీలుస్తుంది కాబట్టి నీళ్లు అంటనివ్వని సైలేన్ లాంటి రసాయనంతో పూత వేస్తారు. అప్పుడు నీటిని వదిలేసి, తన బరువుకు పదుల రెట్లు నూనె పడుతుంది. బాగా చేసినదైతే పిండి మళ్లీ వాడుకోవచ్చు. చిక్కంతా ఆరబెట్టడంలోనే. మామూలుగా ఆరనిస్తే సన్నటి రంధ్రాలు ముడుచుకుపోతాయి. గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టాలి, లేదా 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటించిన కార్బన్ డయాక్సైడ్‌తో ఆరబెట్టాలి. ఖరీదు పెరిగేది అక్కడే.

తెల్ల బూరుగు దూదికి ఆ తంటా లేదు. పోగు పుట్టుకతోనే గొట్టం, లోపల గాలి, పైన మైనం. గ్లాసు నీళ్లలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి, చిటికెడు దూది ఆనించి చూడండి. నల్లటి నూనె దూదిలోకి పాకుతుంది, దూది మాత్రం మునగదు. వదులుగా ఉంటే తన బరువుకు 35 రెట్లకు పైగా డీజిల్ పీలుస్తుంది. దిండులా గట్టిగా కుక్కితే పది రెట్లు కూడా పీల్చదు, అదే అందరూ చేసే పొరపాటు.

నా మాట అడిగితే, వాగు దగ్గరకు బూరుగు దూదే. వల సంచుల్లో వదులుగా నింపి, వాగుకు అడ్డంగా కట్టాలి. టోలుయీన్, క్లోరోఫాం లాంటి సాల్వెంట్లు వాడే ఫ్యాక్టరీలో మాత్రం నేను ఏరోజెల్ వైపే. ఎందుకంటే అవి బూరుగు మైనాన్ని కరిగించేస్తాయి. అసిటోన్, ఆల్కహాల్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతాయి, వాటిని ఇవేవీ తిరిగి పట్టలేవు.

ఒలికింది పెట్రోలైతే ఏ సంచీ పట్టుకుని దగ్గరకు పోవద్దు. ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. జనాన్ని దూరం పంపి ఫైర్ వాళ్లను పిలవండి.