ఏడాదిన్నర నిండని బాలెనో: విజయవాడలో ఒక పాత కార్ల డీలరు దగ్గర మా కొనుగోలు

విజయవాడ బందరు రోడ్డులో, ఆటోనగర్‌కూ కానూరుకూ మధ్య ఉన్న ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు దగ్గర 2026 సంక్రాంతి వెళ్లాక మేము మారుతి బాలెనో కారు కొన్నాము. 2024 ఆగస్టులో, శ్రావణమాసంలో, రిజిస్ట్రేషన్ అయిన పెట్రోలు బండి అది. మీటరులో పదమూడు వేల పైచిలుకు కిలోమీటర్లు ఉన్నాయి, ఒకే యజమాని చేతిలో నడిచింది. కారు విషయంలో డీలరు చెప్పిన మాట నిలిచింది. కాగితాల విషయంలో, ముఖ్యంగా బీమా విషయంలో, చెప్పిందొకటి, జరిగిందొకటి. రెండూ రాస్తున్నాను కనుక దుకాణం పేరు మాత్రం ఇక్కడ చెప్పడం లేదు. ఇంచుమించు కొత్తదైన కారును తెలిసినవారి దగ్గర కాకుండా డీలరు దగ్గర కొంటున్నామంటే, కారుతో పాటు దాని చరిత్రకు రుజువు కోసం కూడా డబ్బు చెల్లిస్తున్నట్టే అని నా అభిప్రాయం. ఈ సమీక్షలో నా తూనికరాయి అదే.

ముందు ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కారు మీద అంతకు ముందు 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు కలిపి 29 శాతం పడేది. ఇప్పుడు మొత్తం 18 శాతమే. పన్నుకు ముందు 6 లక్షలు ఉండే కారు అప్పట్లో 7 లక్షల 74 వేలు అయితే, ఇప్పుడు 7 లక్షల 8 వేలు అవుతుంది. అంటే 2024లో కొన్న యజమాని తాను పెట్టిన డబ్బు లెక్కలోంచి ధర చెబితే, కారు వాడినందుకు తగ్గవలసిన విలువ కన్నా ముందే 66 వేలు తీసివేయాలి. చాలా దుకాణాల్లో ఇప్పటికీ పాత ఇన్‌వాయిస్ చూపించి బేరం మొదలుపెడుతున్నారు. ఈ డీలరు అలా చేయలేదు. అదే వేరియంటుకు ఆ వారం షోరూమ్ ఇచ్చిన ఆన్ రోడ్ కొటేషన్‌ను తానే బల్ల మీద పెట్టి, దాని నుంచి లెక్క కట్టి చూపించాడు. బేరంలో మాకు బాగా నచ్చిన ఘట్టం ఇది.

జీఎస్టీలోనే ఇంకొక చిక్కు ఉంది. పాత కారు అమ్మే రిజిస్టర్డు డీలరు కట్టవలసిన 18 శాతం పన్ను అతనికి మిగిలిన లాభం మీదే తప్ప కారు మొత్తం ధర మీద కాదు. 6 లక్షలకు కొన్న కారును ఆరున్నర లక్షలకు అమ్మితే, 50 వేల మీద పన్ను 9 వేలు. దీనికి ముందు మేము వెళ్లిన మరొక దుకాణంలో, ధర కుదిరిన తరువాత, మొత్తం మీద 18 శాతం అదనం అన్నారు. అక్కడి నుంచి లేచి వచ్చేశాము. ఇక్కడ చెప్పిన ధరలోనే పన్ను కలిసి ఉంది, బిల్లు కూడా అలాగే ఇచ్చారు.

ఇక కారు. విజయవాడలో 2024 సెప్టెంబరుకు ముందు రిజిస్ట్రేషన్ అయిన ఏ కారు కొన్నా అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ ఏడాది ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో అది ఎక్కడ ఉన్నదనే. బుడమేరు గట్టు తెగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇళ్ల ముందున్న కార్లు కూడా మునిగాయి. మేము చూసిన కారు అప్పటికి రోడ్డెక్కి కొద్ది రోజులే అయింది. పైగా 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలై ఉమ్మడి కోడ్ రావడంతో నెంబరు ప్లేటు చూసి అది గుంటూరు బండో బెజవాడ బండో చెప్పే వీలు పోయింది. ఆర్‌సీలో చిరునామా చూడవలసిందే. ఈ కారు ఆర్‌సీలో ఉన్న చిరునామా తెనాలిది. అయినా అక్కడితో ఊరుకోలేదు.

మాతో వచ్చిన ఆటోనగర్ మెకానిక్ ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాడు. మునిగిన కారులో బెల్టు పైభాగాన్ని ఎంత తుడిచినా, ఎప్పుడూ చుట్టుకునే ఉండే ఆఖరి అడుగు భాగంలో బురద చార మిగిలిపోతుంది. ఇందులో ఆ నేత మొదట్లో ఎంత నల్లగా ఉందో చివరా అంతే నల్లగా ఉంది. సీటు వెనక్కి జరిపి, పట్టాల మీద, బోల్టుల సందుల్లో తుప్పు వెతికాడు. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ తీయించి, ఆ గుంటలో వేలు పెట్టి రాశాడు. వేలికి పొడి దుమ్మే అంటింది, ఒండ్రు లేదు. ఫ్యూజుల పెట్టె మూత తీసి, పిన్నుల దగ్గర పచ్చని మరక ఏదైనా ఉందేమోనని టార్చి వేసి చూశాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ సేల్స్ కుర్రవాడు పక్కనే నిలబడి, అడిగిన ప్రతి మూతా తీసి చూపించాడు. "తీరిగ్గా చూసుకోండి సార్, తొందరేం లేదు" అన్నాడు. ఎండలో అంతసేపు విసుక్కోకుండా నిలబడినందుకు అతనికి నా కృతజ్ఞతలు.

నీళ్ల సంగతి తేల్చిన అసలు కాగితం మాత్రం బీమా పాలసీ. 2025 ఆగస్టులో రెన్యువల్ చేసిన పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతం అని ఉంది. అంటే మొదటి ఏడాదిలో ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదన్న మాట. వరదలో మునిగిన కొత్త కారుకు క్లెయిమ్ చేయకుండా ఎవరూ ఊరుకోరు. క్లెయిమ్ చేసినా బోనస్ నిలిచేలా అదనపు ప్రీమియం కట్టే సౌకర్యం కూడా ఉంటుంది కనుక, మొదటి ఏడాది పాలసీ తెప్పించి అందులో అది లేదని చూసుకున్నాకే మేము నమ్మాము. పాత కారు కొనేవారిలో చాలామంది బీమా గడువు ఎప్పటిదాకా ఉందో చూసి పాలసీ మడిచి పెట్టేస్తారు. కారు గతం గురించి అంత నిక్కచ్చిగా చెప్పే కాగితం మరొకటి లేదు.

మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి కంపెనీ సర్వీసు రికార్డు అడిగాము. వెయ్యి, ఐదు వేలు, పది వేల కిలోమీటర్ల సర్వీసులు మూడూ వేళకు జరిగాయి, రీడింగులు వరుసలో ఉన్నాయి. టైర్లు దాన్ని బలపరిచాయి. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగు టైర్లూ స్టెప్నీతో సహా 2024 నడిమి నెలలవే. పదమూడు వేలే తిరిగిందన్న కారుకు అప్పుడే కొత్త టైర్లు వేసి ఉంటే వెనుదిరిగి రావలసిందే.

పెయింటు మందం కొలిచే పరికరం డీలరు దగ్గరే ఉంది. మిగిలిన చోట్లన్నీ 100 మైక్రాన్లకు అటూ ఇటూ చూపిస్తే, వెనక కుడి తలుపు దగ్గర 200 దాటింది. మేము నోరు తెరవక ముందే, ఆ తలుపుకు గీత పడితే పాత యజమాని టింకరింగ్, పెయింటింగ్ చేయించాడని చెప్పి, ఆ పని చేసిన షెడ్డు బిల్లు చూపించాడు. తలుపు బిగించిన బోల్టుల మీద స్పానరు గీతలు లేవు, కనుక తలుపు మార్చలేదు. లోపాన్ని తానే ముందుగా చెప్పే డీలరు దొరకడం మా అనుభవంలో అరుదు. ఈ దుకాణానికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. పోరంకి దాకా నడిపి చూశాము. చెప్పుకోవలసిన లోపమేదీ కనబడలేదు.

కాగితాల దగ్గరికి వస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. యజమాని కారును డీలరుకు అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి అమ్ముడుపోయేదాకా బాధ్యత డీలరుదే. ఈ దుకాణంలో అనుమతి పత్రం గోడకు కనబడేలా ఉంది. టెస్ట్ డ్రైవ్‌కు బయలుదేరే ముందు ఎవరు నడుపుతున్నారు, మీటరు రీడింగు ఎంత అన్నది కూడా కంప్యూటరులో నమోదు చేసుకున్నారు. పాత యజమాని బ్యాంకు అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే మేము అడ్వాన్సు ఇచ్చాము. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో హైపోథికేషన్ (కారు మీద బ్యాంకు అప్పు ఉన్నట్టు నమోదు) ఇంకా కనబడుతుంటే ఎవరి మాట మీదా డబ్బు కట్టవద్దని నా గట్టి సలహా.

అంత పద్ధతిగా ఉన్న దుకాణం బీమా దగ్గర తప్పటడుగు వేసింది. "బోనస్ కూడా మీకే వస్తుంది సార్, పేరు మారిస్తే చాలు" అని మేనేజరు చెప్పాడు, ధరలో అది కూడా ఒక లాభంగా చూపించాడు. ఆ మాట నిజం కాదు. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, కారుది కాదు. పాత యజమాని దాన్ని తన తరువాతి కారుకు తీసుకుపోతాడు, మనకు రాదు. పాలసీ మా పేరుకు మార్చమని అడిగినప్పుడు బీమా కంపెనీ మిగిలిన కాలానికి ఆ 20 శాతం తేడాను మా దగ్గర వసూలు చేసింది. రోజూ కార్లు అమ్మే మనిషికి ఈ నియమం తెలియదంటే నమ్మలేము. మొత్తం పెద్దది కాకపోయినా, ధర కుదరడానికి ఆ మాట వాడుకున్నారు కనుక దీన్ని చిన్న విషయంగా నేను చూడలేను. పేరు మార్పుకు 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలని కూడా వారు చెప్పలేదు. సొంత కారుకు జరిగే నష్టానికి క్లెయిమ్ ఆ మార్పు మీదే ఆధారపడుతుంది కనుక, డెలివరీ రోజునే చెప్పవలసిన మాట అది.

రెండో తాళం సంగతీ అంతే. డెలివరీ నాడు ఒక్క తాళమే ఇచ్చి, రెండోది పాత యజమాని పంపుతాడన్నారు. ఆర్‌సీ మా పేరు మీదకు వచ్చేదాకా కొంత సొమ్ము ఆపుకుంటామని ఒప్పంద పత్రంలో రాయించుకున్నాము. తాళాన్ని కూడా అందులోనే చేర్పించాము. ఫారం 29, 30 పెట్టి ఆర్‌సీ మార్పు మాత్రం వాళ్లే శ్రద్ధగా నడిపించారు. తాళం కోసం మాత్రం పదే పదే ఫోన్లు చేయవలసి వచ్చింది. ఆపిన సొమ్ము వాళ్ల చేతికి చేరింది తాళం మా చేతికి వచ్చాకే. ఆర్టీవో ఖర్చులంటూ తీసుకున్న మొత్తానికి రసీదులు అడిగితే సగానికే ఇచ్చారు, మిగిలినవి ఇంకా రావలసి ఉంది.

కంపెనీ వారంటీ 2027 ఆగస్టు దాకా ఉంది. కొత్త ఆర్‌సీ చూపించగానే సర్వీసు సెంటరులో యజమాని పేరు మార్చేశారు. ఇంకొక కారు కొనవలసి వస్తే కారు చూడటానికి మళ్లీ ఈ దుకాణానికే వెళ్తాను, బీమా మాటలు మాత్రం బీమా కంపెనీతోనే మాట్లాడుకుంటాను.