ఏడేళ్ల మాండలిన్: కొన్నది పాట కోసం, కుదిరింది దరువుకి

మాది భీమవరం. మా నాన్నకి మాండలిన్ అంటే పాలకొల్లు, పాలకొల్లు అంటే శ్రీనివాస్. ఆయన క్యాసెట్లు మా ఇంట్లో టేపు సాగిపోయేదాకా తిరిగాయి. అందుకే అది మన కర్ణాటక సంగీతం కోసం పుట్టిన వాద్యమే అనుకుంటూ పెరిగాను. అమెరికా వచ్చాక, 2018లో నార్త్ కరోలినాలోని రాలీ డౌన్‌టౌన్‌లో బ్లూగ్రాస్ (ఇక్కడి ఒక రకం జానపద సంగీతం) పండగ జరుగుతుంటే పిల్లల్ని తీసుకుని ఊరికే చూద్దామని వెళ్లాం. రోడ్డు పక్కన ఐదుగురు గుండ్రంగా నిలబడి వాయిస్తున్నారు. గిటారు, బాంజో, ఫిడేలు, నిలువెత్తు బాస్. డ్రమ్ము ఎక్కడా లేదు, కానీ టక్, టక్ అని దరువు మాత్రం పడుతూనే ఉంది. ఎక్కడ్నుంచా అని వెతికితే ఒక పెద్దాయన చేతిలో బుల్లి మాండలిన్. ఆ డిసెంబర్‌లోనే ఒకటి కొనేశాను.

ఆ మొదటిది 90 డాలర్లు. దాని గురించి ఎక్కువ చెప్పను. తీగలు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) మీద ఎంత ఎత్తుగా ఉండేవంటే, పైన ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కాలంటే గోరు తెల్లబడేది. బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే, అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి పెట్టే డబ్బులతో ఇంకోటి వస్తుందని నిజం చెప్పేశాడు. వేళ్లు మొద్దుబారడం నా తప్పనుకుని ఆర్నెల్లు బాధపడ్డాను. సగం తప్పు చెక్కదే.

2019 వేసవిలో 700 డాలర్లు పెట్టి రెండోది కొన్నాను. ఇప్పటికీ వాయిస్తున్నది అదే. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే ఏ-స్టైల్. పైపలక స్ప్రూస్ చెక్క, వెనకా పక్కలా మేపుల్ చెక్క, ఫిడేలుకున్నట్టే ఎఫ్ ఆకారపు రంధ్రాలు. ఫొటోల్లో కనబడే చుట్టతిరిగిన కొమ్ముది ఎఫ్-స్టైల్. ఆ చుట్ట చెక్కడానికి పనెక్కువ, ధర అమాంతం పెరుగుతుంది. శబ్దంలో తేడా ఉందని కొందరు గట్టిగా వాదిస్తారు, కళ్లు మూసుకుని వింటే నాకైతే తెలియలేదు. మొదటిసారి కొనేవాళ్లు ఆ చుట్ట డబ్బుల్ని చెక్క మీద పెట్టుకోవడం మేలు.

చుట్ట మీద మోజు ఊరికే రాలేదు లెండి. బ్లూగ్రాస్‌కి ఆ పేరు తెచ్చిపెట్టింది బిల్ మన్రో బృందం, బ్లూ గ్రాస్ బాయ్స్. కెంటకీ వాడు, 1911లో పుట్టాడు. ఆయన చేతిలో ఉన్నది 1923లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు లాయిడ్ లోర్ సంతకంతో వచ్చిన గిబ్సన్ ఎఫ్-5. దాన్ని ఫ్లోరిడాలో ఒక మంగలి షాపులో 150 డాలర్లకి కొన్నాడు! 1985లో ఎవరో ఇంట్లో దూరి దాన్ని ముక్కలు చేస్తే, ఆ పేళ్లన్నీ ఏరి మళ్లీ అతికించారు. నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లి అద్దాల వెనక చూశాను. దాని పైపలక మీద వార్నిష్ అరిగిపోయి చెక్క తేలింది. అదొక్కటీ చాలాసేపు చూస్తూ నిలబడ్డా.

ఇక వాడకం సంగతి. ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. శ్రుతి జి, డి, ఎ, ఇ, అంటే వయొలిన్‌దే. జంటలో ఒక తీగ వెంట్రుకవాసి తప్పినా రెండూ కలిసి గీపెడతాయి. మాండలిన్ వాయించేవాడు సగం కాలం శ్రుతి చేస్తూ, మిగతా సగం అపశ్రుతిలో వాయిస్తూ గడుపుతాడని ఇక్కడ పాత జోకు. నాకు నవ్వు రాదు.

నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని ఒకటుంది. తీగలు మార్చేటప్పుడు బాగా తుడుద్దామని ఎనిమిదీ ఒకేసారి విప్పేశాను. తీగల కింద ఉండే చిన్న చెక్కవంతెన, బ్రిడ్జి, టక్కున ఊడి ఒళ్లో పడింది. గిటారుకైతే అతికించి ఉంటుంది. మాండలిన్‌కి తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది, జిగురుండదు. ఉజ్జాయింపుగా పెట్టేసి బిగించాను. వేలు పెట్టని ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ స్వరం తప్పుతుంది. రెండు వారాలు నా వేళ్లనే తిట్టుకున్నాను. తర్వాత తెలిసిన కిటుకు ఇది: పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటిగా ఉండాలి. నొక్కింది హెచ్చుగా పలికితే బ్రిడ్జిని వెనక్కి, తగ్గితే ముందుకి, బియ్యపుగింజ మందాన జరపాలి. ఇప్పుడు తీగల్ని ఒక్కొక్కటే మారుస్తాను. డడారియో ఇ.జె.74 సెట్టు, రెండు నెలలకొకసారి. చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల చివర్లు బయటికొచ్చి అరచేతికి గీరుకుంటాయి. పెట్టెలో తేమ ఇచ్చే పొట్లం ఒకటి పడేస్తే నలభై యాభై శాతం దగ్గర నిలుస్తుంది.

అసలు విషయానికొస్తాను. నేను పాటలు వాయిద్దామని కొన్నాను. చిన్నప్పుడు నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్నా కాబట్టి రాగం పట్టుకోవడం తేలికే అనిపించింది. ఆరు నెలల్లో 'ఓల్డ్ జో క్లార్క్' లాంటి ఫిడేలు పాటలు నాలుగైదు వచ్చేశాయి. ఆ ధైర్యంతో ఇక్కడ మేముండే ఊళ్లో వారంవారం జరిగే జామ్‌కి, అంటే అందరూ కూడి వాయించే చోటికి, వెళ్లాను. అక్కడ తెలిసింది, నా వంతు పాట వచ్చేది మూడు నిమిషాల్లో ఇరవై సెకన్లు. మిగతా సమయమంతా నేను డ్రమ్మునే.

దాన్ని చాప్ అంటారు. జి కార్డుకి (కార్డంటే కలిపి మోగించే స్వరాల గుత్తి) చిటికెనవేలు మందపు తీగ మీద ఏడో ఫ్రెట్, ఉంగరపువేలు ఐదు, చూపుడువేలు రెండు, మధ్యవేలు మూడు. అరచెయ్యి విచ్చుకుని పీతలా ఉంటుంది. కొట్టీ కొట్టగానే వేళ్లు తీయకుండా పట్టు మాత్రం సడలించాలి, అప్పుడే స్వరం తెగి 'టక్' మంటుంది. నాలుగు దెబ్బల్లో ఒకటీ మూడూ బాస్‌వి, రెండూ నాలుగూ మనవి. నా చిటికెనవేలు ఏడో ఫ్రెట్ అందుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇందులో ఒక లాభం ఉంది. ఖాళీ తీగ ఏదీ లేదు కాబట్టి అదే పట్టుని రెండు ఫ్రెట్లు జరిపితే ఎ, ఇంకో రెండు జరిపితే బి. గాయకుడు ఏ శ్రుతి అడిగినా టెన్షన్ లేదు.

ఆ నాలుగు నెలల్లో ఒకరోజు నాన్న వీడియో కాల్ చేశారు.

"ఏంట్రా ఆ చప్పుడు, వడ్రంగి పని మొదలెట్టావా?"

"మాండలినే నాన్నా."

"గమకం ఏదిరా మరి?"

మంచి ప్రశ్న. జంట తీగలు, గట్టి బిగువు, ఎత్తు ఫ్రెట్లు, వీటి మీద స్వరాన్ని ఊపాలంటే వేలు తెగుతుంది. శ్రీనివాస్ గారు అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్‌కి జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఇక్కడివాళ్లు స్వరాన్ని నిలపాలంటే పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గబగబా కిందికీ పైకీ వణికిస్తారు. అది చెబుతూ 'ఓల్డ్ జో క్లార్క్' వాయించి చూపించాను. నాన్న కాసేపు విని, "హరికాంభోజి వరసరా ఇది" అన్నారు. స్వరాలు సరిగ్గా అవే. ఇక్కడ దాన్ని మిక్సోలిడియన్ అంటారు. ఆ తర్వాత చాప్ గురించి వెక్కిరించడం మానేశారు.

జామ్‌లో నన్ను ఆపింది వేగం. ఇంట్లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 80 దెబ్బల మీద ఒక్క తప్పు లేకుండా వాయించే పాట, అక్కడ 120 మీద మొదలుపెడతారు. మొదటి ఏడాదంతా నా వంతు వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపాను, పక్కవాళ్లు తీసుకున్నారు. ఎవరూ ఏమీ అనరు. శ్రుతి పేరు చెబుతారు, కార్డులు ఒకటి, నాలుగు, ఐదు అని అంకెల్లో చెబుతారు, ముగించే ముందు పాడేవాడు కాలు పైకెత్తుతాడు, అంతే. చాప్ సరిగ్గా పడితే చాలు, పాట రానివాడికి కూడా కుర్చీ దొరుకుతుంది.

ఎవరికి నప్పదు? ఒంటరిగా కూర్చుని సినిమా పాటలు వాయించుకుందామనుకునేవాళ్లకి గిటారే నయం, దీని శబ్దం త్వరగా ఆరిపోతుంది. మెత్తని వేళ్లతో వారానికి ఒక్కరోజు తీసేవాళ్లకీ కష్టమే, కాయలు కాసేలోపు మానేస్తారు. వయొలిన్ నేర్చుకున్నవాళ్లకి మాత్రం ఎడమచేతి పని సగం అయిపోయినట్టే.

ఏడేళ్లలో చెక్క ఎక్కడా పగల్లేదు. కింది వరస శ్రుతి చీలలు రెండు జారుతుంటే మార్పించాను. ఇప్పుడు ఫ్రెట్ల మీద తీగల గాట్లు పడ్డాయి, రెండో ఫ్రెట్ దగ్గర ఎ తీగ గరగరమంటోంది. బాగుచేసే ఆయనకి చూపించాను. భూతద్దం పెట్టి చూసి, "నువ్వు పాటలకన్నా చాపే ఎక్కువ వాయిస్తావు కదూ" అన్నాడు. ఫ్రెట్లు మార్చడానికి మూడు వందల డాలర్లు అవుతుందట. వచ్చే నెల ఇస్తున్నాను.