బూమర్ అండ్ జియో: ఏళ్ల తరబడి విన్నాక

మ్యాచ్ అయిపోయిన మర్నాడు పొద్దున మనిషికి ఏం కావాలో ఈ షోకి బాగా తెలుసు. గెలిస్తే మళ్లీ మళ్లీ చెప్పుకోవాలి. ఓడితే ఎవరో ఒకరిని తిట్టుకోవాలి. అది కూడా మనతో పాటు తిట్టేవాడు ఒకడు, ‘కాస్త ఆగు’ అనేవాడు ఇంకొకడు ఉంటేనే తృప్తి.

‘బూమర్ అండ్ జియో’ న్యూయార్క్‌లోని డబ్ల్యూఎఫ్ఏఎన్ రేడియోలో వస్తుంది. ఆ స్టేషన్ 1987 జూలై 1న మొదలైంది. ఇరవై నాలుగ్గంటలూ ఆటల కబుర్లే నడిపిన తొలి స్టేషన్‌గా దానికి పేరు. షో సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్ల పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు కాబట్టి మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం మూడున్నరకి, చలికాలంలో నాలుగున్నరకి మొదలవుతుంది. న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారులో వినేవాణ్ణి. ఉద్యోగం వదిలి తిరుపతి వచ్చేశాను గానీ షో వదలబుద్ధి కాలేదు. ఇప్పుడు సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడుస్తూ పాడ్‌కాస్ట్‌లో వింటాను. గేటు దగ్గర టీ కొట్టు కుర్రాడికి ఈ షో పేరు చెప్తే, “జియో షోనా అన్నా? నెలకు రీచార్జ్ ఎంతంట?” అన్నాడు.

బూమర్ అంటే బూమర్ ఎసియాసన్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పద్నాలుగు సీజన్లు ఆడిన ఎడమచేతి వాటం క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఎటు విసరాలో తేల్చేవాడు. ఎక్కువ కాలం సిన్సినాటి బెంగాల్స్‌కి, మధ్యలో న్యూయార్క్ జెట్స్‌కి కూడా ఆడాడు. 1988లో లీగ్ మొత్తానికి ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. జియో అంటే గ్రెగ్ జియానాటీ. బూమర్ కంటే చాలా చిన్నవాడు. ఏ లీగ్‌లోనూ ఆడలేదు, రేడియోలోనే పెరిగాడు. ఇదే స్టేషన్‌లో చిన్న పనులతో మొదలుపెట్టి, పిట్స్‌బర్గ్ వెళ్లి షో చేసి, 2018 జనవరిలో బూమర్ పక్క కుర్చీలోకి వచ్చాడు. అంతకుముందు 2007 నుంచి పదేళ్ల పాటు ఆ కుర్చీలో క్రెయిగ్ కార్టన్ ఉండేవాడు. కార్టన్ రోజుల్లో షోలో నిప్పురవ్వలు ఎక్కువ. జియో వచ్చాక నవ్వు ఎక్కువైంది. కొత్తలో కొన్నాళ్లు నాకూ చప్పగానే అనిపించింది.

టీవీలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి కొట్టుకోమంటారు చూడండి, ఇది ఆ రకం కాదు. వీళ్ల తేడా స్క్రిప్టులో రాసుకున్నది కాదు, బతుకులోంచి వచ్చింది. ఒకడు దెబ్బలు తిన్నవాడు, ఒకడు సోఫాలో కూర్చుని చూసినవాడు. ఏ ఆటగాడైనా చివరి నిమిషంలో తడబడితే, ఇంట్లో మనం ఏం అరుస్తామో జియో అదే అరుస్తాడు. అరిచి, తన మీద తనే జోకులేసుకుంటాడు. మిమిక్రీ అతని అసలు బలం. స్టేషన్‌లో పనిచేసిన పాత పెద్దమనుషుల గొంతులు కూడా వదలడు. బూమర్ తీరు వేరు. ఆ క్షణంలో క్వార్టర్‌బ్యాక్ కంటికి ఏం కనబడుతుందో, లైన్‌లో ఎవడు కదిలితే ఎటు విసరాలో రెండు ముక్కల్లో చెప్పేస్తాడు.

ఆయన మాటకు ఆ బరువు ఊరికే రాలేదు. 1989 జనవరి 22న సూపర్ బౌల్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌లో, ఆయన టీము బెంగాల్స్ ముందంజలో ఉంది. ఇంకో 34 సెకన్లలో ఆట అయిపోతుందనగా ఎదుటి క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా టచ్‌డౌన్ (మన గోల్ లాంటిది) పాస్ విసిరాడు. 20-16తో శాన్‌ఫ్రాన్సిస్కో గెలిచింది. బూమర్ మళ్లీ ఎప్పుడూ సూపర్ బౌల్ ఆడలేదు. అది తెలిశాక, ఓడిపోయినవాడి గురించి ఆయన మాట్లాడే మాట వేరేగా వినబడుతుంది. జాలిపడడు. ‘వాడేం చేస్తాడు పాపం’ అని వదిలేయడు కూడా. తప్పు తప్పే అంటాడు, కానీ ఆ తప్పు ఎలా జరిగిందో లోపల్నుంచి చెప్తాడు.

నాకు బాగా గుర్తున్నది 2023 సెప్టెంబర్ 12 నాటి షో. ముందురోజు రాత్రి పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ జెట్స్ తరఫున మొదటిసారి దిగాడు. ఇక్కడ మంగళవారం తెల్లవారుజాము. బంతి నాలుగోసారి చేతికొచ్చేసరికే మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగి కూర్చున్నాడు. జెట్స్ అంటే 1969 జనవరి తర్వాత సూపర్ బౌల్ మొహం చూడని టీము, 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్‌కే పోని టీము. ఆ ఒక్కడి మీదే ఊరు ఊరంతా ఆశలు పెట్టుకుంది. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రి ఓవర్‌టైమ్‌లో జెట్స్ 22-16తో గెలిచింది. టీము గెలిచింది, ఊరు ఏడ్చింది. ఆ మధ్యాహ్నం విన్నదాన్ని ఆటల కార్యక్రమం అనలేం, పరామర్శ అనాలి. రాడ్జర్స్ ఎవరో తెలియని మా ఆవిడ కూడా “ఎవరికేమైంది?” అని అడిగింది.

ఇంకో ముచ్చట. బూమర్ న్యూయార్క్ రేంజర్స్ హాకీ టీముకు వీరాభిమాని. కూతుర్ని ఇచ్చింది ఎవరికయ్యా అంటే, రేంజర్స్‌కి బద్ధ విరోధి అయిన ఐలాండర్స్‌లో ఆడిన మ్యాట్ మార్టిన్‌కి. అల్లుడు ఆడినన్నాళ్లూ అతని టీము గెలవకూడదు, అతనికి మాత్రం దెబ్బ తగలకూడదు. ఈ ఇబ్బంది మన మామలకు చెప్పక్కర్లేదు. ఐస్ హాకీ నియమాలు నాకు సగం కూడా తెలియవు, అయినా ఆ రెండు టీములూ తలపడిన మర్నాటి షో వదలను.

మధ్యమధ్యలో జెర్రీ రెక్కో స్కోర్ల అప్‌డేట్ ఇస్తాడు. పేరుకే అప్‌డేట్. ముందురోజు కోచ్‌లు, ఆటగాళ్లు మాట్లాడిన ముక్కలు వినిపిస్తుంటే వీళ్లిద్దరూ అడ్డం పడతారు, అక్కడినుంచి ఇంకో గొడవ పుడుతుంది. టైం లేకపోతే అప్‌డేట్లు మాత్రమే వినండి, షో రుచి తెలిసిపోతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. మొదటిది బెట్టింగ్. 2018 మేలో న్యూజెర్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్పోర్ట్స్ బెట్టింగ్‌కి దారి తెరిచింది. 2022 జనవరి నుంచి న్యూయార్క్‌లో ఫోన్‌లోనే పందేలు కాయొచ్చు. అప్పటినుంచీ అక్కడి ఆటల కబుర్లన్నిట్లోనూ ఎవరు గెలుస్తారు అన్నదాని కంటే ఎన్ని పాయింట్ల తేడాతో అన్నది ఎక్కువైంది. ఈ షో కూడా అందుకు మినహాయింపు కాదు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించారు. ఐపీఎల్ వస్తే బెట్టింగ్ కేసుల వార్తలు జిల్లా పేజీల్లో చదివే మనకు, రేడియోలో దాన్ని అంత మామూలుగా మాట్లాడుకోవడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. నేను ఆ భాగాలు దాటేస్తాను.

రెండోది, పక్కదారి. జియో ఇంటి సంగతులు మొదలుపెట్టాడంటే ఒకోసారి అరగంట దాకా బంతి మాటే ఉండదు. మా తమ్ముడికి అది నచ్చదు, “స్కోర్ చెప్పమంటే సంసారం చెప్తాడేంది” అంటాడు. నాకు మాత్రం ఆ భాగం లేకపోతే ఇన్నేళ్లు వినేవాణ్ణే కాదు.

ఇలాంటిది తెలుగులో ఎందుకు లేదు అని చాలాసార్లు అనుకున్నాను. ఆడినవాళ్లు లేక కాదు. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటివాళ్లు తెలుగు కామెంటరీలో మాట్లాడుతూనే ఉన్నారు. కానీ వాళ్లు వినబడేది మ్యాచ్ నడుస్తున్నప్పుడు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఫైనల్ పోయిన మర్నాడు పొద్దున మన ఎఫ్ఎం పెడితే సినిమా పాటలే. మన ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చదివే వీలు లేదు కాబట్టి, మాట మీద బతికే రేడియో ఇక్కడ పెరగలేదు. ఆ సోమవారం టీ కొట్టు దగ్గర పిచ్ మీద, టాస్ మీద తలా ఒక తీర్పు. ఆడినవాడు ఒక్కడు అక్కడ కూర్చుని ఉంటే, “అది కాదబ్బా, బంతి అలా ఆగి వస్తుంటే బ్యాట్స్‌మన్ ఏం చేస్తాడంటే...” అని మొదలుపెట్టేవాడు. జియోలు మనకు ప్రతి సెంటర్లోనూ ఉన్నారు. బూమర్‌ని పొద్దున్నే తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టేవాడే లేడు.

ఎవరు వినొచ్చు? ఇంగ్లీషు ఫర్వాలేదు, అమెరికా ఆటలు తెలియవు అనేవాళ్లు భయపడక్కర్లేదు. నాకూ ఫుట్‌బాల్‌లో ‘డౌన్’ అంటే ఏంటో ఈ షో వింటూనే అర్థమైంది. మొదట్లో న్యూయార్క్ యాస, ఆ వేగం కొంచెం ఇబ్బంది పెడతాయి. స్పీడ్ తగ్గించి వింటే సర్దుకుంటుంది. జూన్, జూలైలో మొదలుపెట్టొద్దు, అంతా బేస్‌బాలే ఉంటుంది, విసుగొస్తుంది. సెప్టెంబర్‌లో ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యాక ఏదైనా సోమవారం ఎపిసోడ్ పెట్టండి. ఆదివారం జెట్స్ ఓడి ఉంటే ఇంకా మంచిది. ఓడే ఉంటుంది లెండి.